బిడ్డ మెదడుకి నెయ్యి ఎంత పెట్టాలి అని అడిగే ముందు: నరాల మీది కొవ్వు పొరను ఇంట్లో ఎలా చూసుకోవాలి

మా చెల్లెలు కడుపుతో ఉన్నప్పుడు మా పెద్దమ్మ రోజూ గ్లాసు పాలలో రెండు చెంచాల నెయ్యి వేసి, బిడ్డ మెదడు బాగా ఎదుగుతుందని, తాగేదాకా పక్కనే కూర్చునేది. బిడ్డకి ఏడాది నిండగానే అదే చెల్లెలు, వాళ్ల మామగారికి గుండె జబ్బు ఉంది కాబట్టి చిన్నప్పటినుంచే అలవాటు చేస్తే మంచిదని, పిల్లకి మీగడ తీసేసిన పాలు, నూనె చుక్క తగలని ఇడ్లీ పెట్టడం మొదలుపెట్టింది. అదే ఇంట్లో, అదే ఏడాది, మా అమ్మ దూది మీద నడుస్తున్నట్టుంది అంటూ చెప్పులు ఎక్కడ జారిపోయాయో కూడా తెలియకుండా నడిచేది. షుగర్ ఉన్నవాళ్లకి ఇది మామూలే అని ఒకచోట చెప్పారు, మేమూ నమ్మేశాం.

ఈ మూడూ ఒక్క విషయం తెలియక జరిగినవే. నరాల మీద ఉండే కొవ్వు పొర మనం తిన్న కొవ్వు నేరుగా వెళ్లి అంటుకుంటే వచ్చేది కాదు, చాలా మటుకు అక్కడి కణాలు అక్కడే తయారు చేసుకునేది. కాబట్టి మనం చూసుకోవాల్సింది నెయ్యి ఎన్ని చెంచాలు అని కాదు, ఆ తయారీకి ఏం కావాలి, ఎప్పుడు కావాలి, ఎక్కడ ఆగిపోతుంది అని. నేను డిగ్రీ పిల్లలకి జీవరసాయన శాస్త్రం చెప్తాను, డాక్టరుని కాదు, కాబట్టి మందు మోతాదు ఎవరికెంత అనేది మీ డాక్టరే చెప్పాలి. ఇంట్లో మన చేతిలో ఉన్నవి మాత్రం నేను చెప్పగలను.

ముందు ఆ పొర ఏమిటో కాస్త చూద్దాం

పదో తరగతిలో నాడీకణం బొమ్మ గీసి, మయలిన్ త్వచం అని గీత గీసి పేరు రాసినవాళ్లమే అందరం. ఆ బొమ్మలో అది ఏదో గొట్టంలా కనిపిస్తుంది గానీ నిజానికి అది చుట్ట. ఆత్రేయపురం పూతరేకు చుట్టడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పల్చటి రేకు, దాని మీద నెయ్యి, మడత మీద మడత. నరం పోగు పక్కన ఉండే ఒక కణం తన పొరనే రేకులా సాగదీసి ఆ పోగు చుట్టూ చుడుతూ పోతుంది, మధ్యలో ఉన్న కణద్రవం పిండినట్టు బయటికి పోతుంది, పొరకి పొర అతుక్కుంటుంది. లావుపాటి పోగుల మీద వంద చుట్ల దాకా కూడా ఉంటాయి. చేతులూ కాళ్ల నరాల్లో ఈ పని ష్వాన్ కణాలది, ఒక్కో కణం ఒక్క పోగు మీద ఒక్క ముక్కే చుడుతుంది. మెదడు, వెన్నుపాములో ఆలిగోడెండ్రోసైట్లు అనే కణాలది, అక్కడ ఒక్క కణమే పదుల పోగులకి తలా ఒక ముక్క చుడుతుంది. అంటే ఆ ఒక్క కణం తన ఒంటికి ఎన్నో రెట్ల పొరను తయారు చేయాలి, అదీ తక్కువ రోజుల్లో. ఎంత భారమైన పనో ఆలోచించండి.

ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీలే రాన్వీర్ కణుపులు. సంకేతం కణుపు నుంచి కణుపుకి దూకుతూ పోతుంది. పొర లేని సన్నటి పోగులో సెకనుకి అర మీటరు నుంచి రెండు మీటర్లు వెళ్తుంది, పొర బాగా ఉన్న లావు పోగులో వంద మీటర్లు కూడా దాటుతుంది. అడుగు తడబడకుండా వేయడం, చూసిన వెంటనే చేయి చాచడం, ఇవన్నీ ఆ వేగం మీదే ఆధారపడ్డాయి.

నీరు తీసేసి తూస్తే మయలిన్‌లో 70 నుంచి 85 శాతం కొవ్వు పదార్థాలే. మామూలు కణం పొరలో కొవ్వు సుమారు సగం ఉంటుంది. 1854లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో దీనికి మయలిన్ అని పేరు పెట్టినప్పుడు మూలుగకి వాడే గ్రీకు మాటనే తీసుకున్నాడు. అయితే ఇది నడుము చుట్టూ పేరుకునే కొవ్వు లాంటిది కాదు. ఇందులో ముఖ్యంగా కొలెస్ట్రాల్, ఫాస్ఫేట్ ముక్క ఉన్న ఫాస్ఫోలిపిడ్లు, చక్కెర అణువు తగిలించిన గాలాక్టోలిపిడ్లు ఉంటాయి. మూడూ సరైన పాళ్లలో ఉంటేనే పొర గట్టిగా చుట్టుకుంటుంది.

మరి ఆ కొవ్వు ఎక్కడిది?

ఇక్కడే పెద్దమ్మ లెక్క తప్పింది. ఒంటి బరువులో మెదడు 2 శాతం, కానీ ఒంట్లో ఉన్న కొలెస్ట్రాల్‌లో ఐదో వంతు నుంచి పావు వంతు దాకా దాంట్లోనే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం ఈ మయలిన్‌లో. ఇంత కొలెస్ట్రాల్ రక్తంలోంచి వచ్చిందా అంటే, లేదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ కొలెస్ట్రాల్‌ని మోసుకొచ్చే రేణువుల్ని లోపలికి రానివ్వదు. మెదడు తన కొలెస్ట్రాల్ తనే వండుకుంటుంది. 2005లో జర్మనీలోని గోటింగెన్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఆలిగోడెండ్రోసైట్లు కొలెస్ట్రాల్ తయారు చేయలేకుండా చేసి చూశారు. రక్తంలో కొలెస్ట్రాల్ ఎంత ఉన్నా ఆ పిల్లలకి మయలిన్ బాగా ఆలస్యంగా, బాగా తక్కువగా వచ్చింది. వచ్చిన ఆ కాస్తా పక్క కణాలు అరువిచ్చిన కొలెస్ట్రాల్‌తోనే వచ్చింది.

మిగతా కొవ్వు ఆమ్లాలదీ దాదాపు ఇదే కథ. ఒంట్లో ఎక్కడికి చేరాయో కనిపెట్టేలా గుర్తు తగిలించిన కొవ్వు ఆమ్లాల్ని పాలు తాగే ఎలుక పిల్లలకి ఇచ్చి చూస్తే, పామిటిక్ ఆమ్లం లాంటివి తిండిలోంచి కాలేయానికీ ఊపిరితిత్తులకీ చేరాయి గానీ మెదడు మటుకు తన వాటా తనే తయారు చేసుకుంది. లినోలిక్ ఆమ్లం మాత్రం తిండిలోంచే మెదడుకి చేరింది, ఎందుకంటే దాన్ని ఒళ్లు తయారు చేసుకోలేదు. అంటే తిండి కొవ్వులో కొన్ని రకాలు కచ్చితంగా బయటినుంచి రావాలి, మిగతావి లోపలే తయారవుతాయి.

మరి తల్లి పాలలో శక్తి సగం దాకా కొవ్వు నుంచే ఎందుకు వస్తుంది? నాకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఎంతో ఇష్టమైన భాగం ఇదే. పాలు తాగే బిడ్డ కాలేయం ఆ కొవ్వును విరగ్గొట్టి కీటోన్లు చేస్తుంది. కీటోన్లు చిన్నవి, అడ్డుగోడ దాటగలవు. మెదడు వాటిని కాల్చి శక్తిగా వాడుకుంటుంది, వాటినే ముక్కలుగా చేసి మళ్లీ కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కడుతుంది. ఇల్లు పడగొట్టి ఇటుకలు మోసుకెళ్లి ఇంకోచోట ఇంకో ఇల్లు కట్టినట్టు. కాబట్టి బిడ్డకి కొవ్వు తగ్గిస్తే నష్టమే, కానీ గర్భిణికి గిన్నెడు నెయ్యి పోస్తే ఆ గిన్నెడూ మయలిన్ అవదు, బరువు అవుతుంది.

ఈ ఇటుకల్లో ఒకదాన్ని నరం పోగే ఇస్తుంది. నాడీకణం తయారు చేసే ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్ అనే అణువు ఆలిగోడెండ్రోసైట్‌కి చేరుతుంది, అక్కడ ఒక ఎంజైము దాన్ని విరిచి అసిటేట్ తీస్తుంది, దాంతో ఆ కణం కొవ్వు కడుతుంది. ఆ ఎంజైము పుట్టుకతోనే లోపిస్తే వచ్చేది కానవాన్ జబ్బు, పసిపిల్లల మెదడులో మయలిన్ నిండిన తెల్ల పదార్థం దెబ్బతినిపోతుంది.

తింటే వస్తుంది, మానేస్తే పోతుంది అనే లెక్క ఎంత పొరపాటో లొరెంజో అనే పిల్లవాడి కథలో ఉంది. 1984లో ఆ చిన్న బాబుకి అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ అని తేలింది. 26 కర్బన పరమాణువుల పొడవుండే కొవ్వు ఆమ్లాలు విరగ్గొట్టలేక పేరుకుపోయి, మెదడులో మయలిన్ నాశనమయ్యే వంశపారంపర్య జబ్బు అది. ఆ కొవ్వు ఉన్న తిండి మానిపిస్తే సరిపోతుంది కదా అనుకుని మానిపించారు, రక్తంలో తగ్గలేదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం ఒళ్లే తయారు చేస్తోంది. అప్పుడు తల్లిదండ్రులు అగస్టో, మైకేలా ఓడోన్ పుస్తకాల్లో కూరుకుపోయి, ఓలిక్, ఎరూసిక్ ఆమ్లాలతో చేసిన నూనె ఇస్తే ఆ తయారీకి పోటీ పడి ఆపుతుందని గ్రహించారు. రక్తంలో నిజంగానే తగ్గింది. కానీ మెదడు జబ్బు అప్పటికే మొదలైన పిల్లల్లో ఆ నూనె దాన్ని ఆపలేకపోయింది. లొరెంజో 2008లో, ముప్ఫయ్యేళ్ల వయసులో పోయాడు. ఎరూసిక్ ఆమ్లం ఆవనూనెలో కూడా ఉంటుంది కాబట్టి ఎవరైనా నరాల జబ్బుకి ఆవనూనె తాగించమంటే దయచేసి వినకండి, అది ఇది కాదు.

ఇక చేయాల్సినవి. కడుపు పండక ముందే మొదలుపెట్టాలి

మయలిన్ చుట్టడం గర్భంలో నాలుగు, అయిదు నెలల మధ్యలోనే మొదలవుతుంది, పుట్టాక మొదటి రెండేళ్లు జోరుగా సాగుతుంది, మెదడు ముందు భాగంలో ఇరవైలు దాటాక కూడా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి మూడో నెలలో టెస్టులు చేయించుకుందాం అనుకోకుండా, పెళ్లయి బిడ్డ కోసం చూస్తున్నప్పుడే మూడు చూపించుకోండి: రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, విటమిన్ బి12.

బి12 గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లలో తగ్గేది ఎక్కువగా ఇదే, తగ్గినట్టు తెలియనిదీ ఇదే. కొవ్వు తయారీలో దీనికి రెండు పనులు. ఒకటి, ప్రొపియొనేట్ అనే మూడు కర్బనాల ముక్కను దారి మళ్లించి పంపించే ఎంజైము బి12 లేకుండా నడవదు. అది ఆగితే ఆ ముక్కలు పోగుపడి, రెండు కర్బనాల ఇటుక పెట్టాల్సిన చోట మూడు కర్బనాల ఇటుక పడుతుంది, బేసి సంఖ్య గొలుసులు, కొమ్మలు వచ్చిన గొలుసులు తయారవుతాయి. బి12 లోపించిన వాళ్ల నరాల్లో ఈ వింత కొవ్వులు నిజంగానే దొరికాయి. వంకర రేకుతో పూతరేకు చుడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండోది, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తయారీ. అది లేకపోతే పొరల్ని అతికించి ఉంచే ప్రొటీనుకీ, ఫాస్ఫోలిపిడ్లకీ కావాల్సిన మిథైల్ గుంపులు, అంటే ఒక్క కర్బనపు చిన్న ముక్కలు, అందవు.

బి12 మొక్కల్లో లేదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంది. పెద్దవాళ్లకి రోజుకి కావాల్సింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకు మాత్రమే, పావు లీటరు పాలలో దాదాపు ఒక మైక్రోగ్రాము, గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము ఉంటాయి. కాఫీలో పోసుకునే పాలు, పల్చటి మజ్జిగ లెక్కలోకి రావు. చద్దన్నంలో, పులిసిన ఇడ్లీ పిండిలో, స్పిరులినాలో బి12 దండిగా ఉందని ఫోన్లలో తెగ తిరుగుతుంటుంది, వాటి మీద ఆధారపడకండి. చద్దన్నం మంచిదే, తినండి, కానీ బి12 కోసం కాదు. పాలు కూడా ముట్టని వాళ్లయితే మాత్ర తప్పదు, వేరే దారి లేదు.

రక్తహీనతకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకుంటూ పోతే ఇంకో ప్రమాదం ఉంది. బి12 తక్కువున్నా రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మటుకు దెబ్బతింటూనే ఉంటాయి. అలాగని గర్భిణులు ఫోలిక్ యాసిడ్ మానకూడదు, అది బిడ్డ వెన్నుకి చాలా ముఖ్యం. బి12 కూడా చూపించుకోండి అంటున్నాను, అంతే.

ఇనుము సంగతి క్లుప్తంగా. మెదడు కణాల్లో ఇనుము ఎక్కువగా ఉండేది ఆలిగోడెండ్రోసైట్లలోనే, కొవ్వు, కొలెస్ట్రాల్ కట్టే ఎంజైముల్లో కొన్ని ఇనుము లేకుండా పనిచేయవు. 1998లో చిలీలో ఆరు నెలల పిల్లల్ని పరీక్షిస్తే, ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవాళ్లలో చెవి నుంచి మెదడుకి శబ్ద సంకేతం వెళ్లడానికి ఎక్కువ సమయం పట్టింది. మన దేశంలో 2019-21 సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గర్భిణులకి ప్రభుత్వం ఇచ్చే ఇనుము మాత్రలు 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. మలం నల్లగా వస్తోందని, వికారమని సగంలో మానేస్తారు. మానకుండా రాత్రి భోజనం అయ్యాక వేసుకుని చూడండి, టీ, కాఫీలతో కలిపి మాత్రం వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలిపి కూడా వద్దు. ఉప్పు అయోడిన్ ఉప్పే వాడండి, ఎందుకంటే మయలిన్ కణాలు పక్వానికి రావాలంటే థైరాయిడ్ హార్మోన్ ఆజ్ఞ ఇవ్వాలి, ఆ హార్మోన్‌కి అయోడిన్ కావాలి.

బాలింత పథ్యం గురించి నిజంగా బాధతో చెప్తున్నాను

మన వైపు కాన్పయ్యాక నెలా రెండు నెలలు పథ్యం పెడతారు. కారప్పొడి, వెల్లుల్లి, ముద్ద అన్నం. పెరుగు తింటే బిడ్డకి జలుబు, గుడ్డు వేడి, చేప వద్దు, పప్పు వాయువు. ఇలా ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి ఏం మిగిలింది? బి12 ఉన్నవన్నీ తీసేశాం. పెద్దవాళ్ల కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా బి12 నిల్వ ఉంటుంది కాబట్టి తల్లికి వెంటనే ఏమీ కాదు. పసిబిడ్డ నిల్వ ఎంత? తల్లి దగ్గర కడుపులో ఉన్నప్పుడు తెచ్చుకున్నంతే. తల్లికే ముందునుంచీ తక్కువుంటే బిడ్డకి దాదాపు ఏమీ ఉండదు, తల్లిపాలలోనూ తక్కువే వస్తుంది.

అలాంటి పిల్లల్లో ఆరు నెలల నుంచి ఏడాదిన్నర మధ్య ఒక జబ్బు బయటపడుతుంది, మన దేశపు పిల్లల డాక్టర్లకి బాగా తెలిసిన జబ్బే. బిడ్డ చూడటానికి బొద్దుగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ నవ్వడం తగ్గిపోతుంది, పిలిస్తే చూడదు, నిలబెట్టిన మెడ మళ్లీ వాలిపోతుంది, కూర్చునే బిడ్డ కూర్చోవడం మానేస్తుంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం నల్లబడుతుంది, జుట్టు పల్చబడి రాగి రంగుకి తిరుగుతుంది, కొందరికి చేతులూ తలా వణుకుతాయి. ఈ లక్షణాల్లో రెండు మూడు కలిసి కనిపిస్తే, ముఖ్యంగా బిడ్డకి అప్పటికే వచ్చిన పనులు మళ్లీ పోతే, దిష్టి తీసి ఊరుకోవద్దు, అదే వారంలో పిల్లల డాక్టరుకి చూపించి బి12 అని మీరే నోరు తెరిచి అడగండి. తొందరగా పట్టుకుంటే మందుకి బాగా స్పందిస్తుంది, కొద్ది రోజుల్లోనే బిడ్డ కళ్లల్లో చురుకు తిరిగొస్తుంది.

కాబట్టి పథ్యం పెట్టే అమ్మమ్మతో గొడవ పడకుండా ఒక ఒప్పందానికి రండి: వెల్లుల్లి కారం మీ ఇష్టం, కానీ రోజూ రెండు గ్లాసుల పాలో, గడ్డ పెరుగో, ఒక గుడ్డో కచ్చితంగా ఉండాలి. ఇంట్లో వీలుకాకపోతే అంగన్‌వాడీకి వెళ్లండి. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకీ బాలింతలకీ రోజూ ఒక పూట పూర్తి భోజనంతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇస్తారు. అది పేదవాళ్లకే అని చిన్నతనంగా అనుకోవద్దు.

బిడ్డ పుట్టాక

మడమ దగ్గర సూది గుచ్చి రెండు చుక్కల రక్తం తీసే పరీక్ష ఒకటుంది, పుట్టిన రెండో రోజు తర్వాత చేస్తారు, థైరాయిడ్ పుట్టుకతోనే తక్కువుందా అని తెలుస్తుంది. అన్ని చోట్లా అడగకుండా చేయరు, కాబట్టి ఇంటికి పంపించే ముందు మీరే అడగండి. తక్కువుంటే రెండు వారాల లోపు మందు మొదలుపెట్టాలి, ఇక్కడ వారాలు కూడా విలువైనవే. మాత్ర పొడి చేసి కాసిన్ని తల్లిపాలలో కలిపి ఇస్తారు, ఇనుము, కాల్షియం మందులతో కలపకూడదు.

ఆరు నెలల దాకా తల్లిపాలు. ఆ తర్వాత ఉగ్గు, మెత్తటి పప్పన్నం మొదలుపెట్టినప్పుడు చిన్న గిన్నెకి ఒక చెంచా నెయ్యో నూనో కలపండి. అవును, ఇక్కడ పెద్దమ్మ గెలిచింది. బిడ్డ పొట్ట చిన్నది, కావాల్సిన శక్తి పెద్దది, కొవ్వు లేకుండా అది అందదు, శక్తి అందకపోతే కొవ్వు కట్టే పని మొదట ఆగుతుంది. అయితే రోజూ నెయ్యే కాకుండా మధ్య మధ్యలో నువ్వుల నూనె, వేరుశెనగ నూనె కూడా వేయండి, లినోలిక్ ఆమ్లం నెయ్యిలో తక్కువ. ఒమేగా-3 కోసం తినేవాళ్లయితే ముళ్లు తీసిన చేప, లేదంటే అవిసె గింజల పొడి చిటికెడు, వాల్‌నట్ పొడి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో పాలపొడి, నూనె కలిపే ఉంటాయి, దాన్ని పశువులకి పోయకుండా బిడ్డకి పెట్టండి.

రెండేళ్లు నిండేదాకా మీగడ తీసిన పాలు వద్దు, నూనె మాన్పించడం వద్దు. తాతకి గుండె జబ్బు ఉంటే తాత మానాలి. మెదడు చురుకుకి అని అమ్మే పొడులూ డబ్బాలూ కొనేముందు ఆ డబ్బుతో నెలకి ఎన్ని గుడ్లు వస్తాయో లెక్కేయండి.

బడికెళ్లే మగపిల్లల విషయంలో ఒక హెచ్చరిక. లొరెంజోకి వచ్చిన జబ్బు ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల మధ్య బయటపడుతుంది. బాగా చదివే పిల్లవాడు ఒక్కసారిగా మరిచిపోవడం, రాత పాడవడం, పిలిస్తే అర్థం కానట్టు చూడటం, నడక తేడాగా ఉండటం, వీటితో పాటు ఎండలో తిరగకుండానే ఒళ్లు నల్లబడటం, ఊరికే నీరసంతో పడిపోవడం. మొండితనం అని కొట్టకండి. మేనమామల్లో ఎవరికైనా ఇలా జరిగిందా అని తల్లి వైపు అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఇది తల్లి ద్వారా వస్తుంది. మొదట్లోనే పట్టుకుంటే మూలుగ మార్పిడి పనిచేస్తుంది, ఆలస్యమైతే చేయదు.

పెద్దవాళ్ల సంగతి, మా అమ్మ కాళ్లు

మా అమ్మ పదకొండేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటోంది. గ్యాస్ అని పొద్దున్నే పరగడుపున ఇంకో మాత్ర, అదీ ఏళ్ల తరబడి. మెట్‌ఫార్మిన్ బి12 ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. కడుపులో ఆమ్లం తగ్గించే ఆ గ్యాస్ మాత్ర, తిండిలోంచి బి12 విడివడటాన్ని తగ్గిస్తుంది. పైగా అమ్మ గుడ్డు ముట్టదు. మూడూ ఒకచోట కలిశాయి, ఎవరూ కలిపి చూడలేదు. అరికాళ్లు మొద్దుబారి, చీకట్లో నడవాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చి, కళ్లు మూసుకుని తల రుద్దుకుంటుంటే తూలి బాత్రూంలో పడ్డాక గానీ ఇంకో డాక్టరు బి12 రాయలేదు. వచ్చింది 126 (మిల్లీలీటరుకి పికోగ్రాముల్లో). సాధారణంగా 200 కంటే తక్కువైతే లోపం, 200 నుంచి 300 మధ్యైతే అనుమానం అంటారు.

కళ్లు మూస్తే తూలడం ముఖ్యమైన గుర్తు. వెన్నుపాము వెనక భాగంలో, కాళ్లు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే దారిలో మయలిన్ దెబ్బతింటే అలా అవుతుంది. షుగర్ తిమ్మిర్లు కూడా అరికాళ్ల నుంచే మొదలవుతాయి కాబట్టి రెండూ కలిసిపోయి కనిపిస్తాయి, రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా. అందుకే షుగర్ అనుకుని వదిలేయకుండా ఏడాదికోసారి బి12 చూపించండి. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి, బి12 చేర్చుకుంటే చాలు.

కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే నరాల కొవ్వు కరిగిపోతుందేమో అని చాలామందికి టెన్షన్. మెదడు కొలెస్ట్రాల్ మెదడే చేసుకుంటుందని పైన చెప్పాను కదా, పెద్దవాళ్లలో అది మారేది కూడా చాలా నెమ్మదిగా, సగం మారడానికే ఏళ్లు పడుతుంది. ఆ భయంతో కొలెస్ట్రాల్ మాత్ర మానేసి గుండెపోటు తెచ్చుకోవద్దు.

టెస్టుకి వెళ్లేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. రక్తం ఇచ్చేదాకా బి12 ఇంజెక్షన్ గానీ, బి-కాంప్లెక్స్ మాత్ర గానీ వేసుకోకండి, వేసుకుంటే అంకె పెరిగిపోయి లోపం దాక్కుంటుంది. మందుల షాపులో అడిగి తిమ్మిర్ల మాత్రలు తెచ్చుకోవడం మనకి అలవాటు, దాంతోనే సగం మందికి అసలు సంగతి తేలదు. అంకె అనుమానపు గీతలో ఉంటే హోమోసిస్టీన్, మిథైల్‌మలోనిక్ ఆమ్లం పరీక్షలు అడగొచ్చు, బి12 చేసే ఆ రెండు పనులు ఆగాయో లేదో అవి నేరుగా చెప్తాయి. రక్తంలో ఎర్రకణాలు పెద్దవిగా లేవు కాబట్టి బి12 బాగానే ఉంది అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఇనుము కూడా తక్కువున్నవాళ్లలో కణాలు మామూలు సైజులోనే కనిపిస్తాయి. వేసుకునే మాత్రలన్నీ, గ్యాస్ మాత్రతో సహా, ఒక కాగితం మీద ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారో రాసి తీసుకెళ్లండి, డాక్టరు అడిగినా అడగకపోయినా బల్ల మీద పెట్టండి.

ఇంజెక్షన్లు మొదలుపెట్టాక అమ్మకి మొదటి రెండు వారాలు మంటలు కొంచెం పెరిగినట్టే అనిపించింది, భయపడి ఆపేద్దామంది. ఆపలేదు. మూడో నెలకి చెప్పు జారితే తెలిసింది. ఏడో నెలకి గోడ వదిలేసింది. ఎడమ కాలి వేళ్లు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి, అవి తిరిగి రాకపోవచ్చని డాక్టరు చెప్పారు, ఎందుకంటే పొర పోయాక చాలా కాలం అలాగే వదిలేస్తే లోపలి పోగు కూడా పోతుంది. అందుకని రోజూ రాత్రి పడుకునే ముందు ఆ వేళ్ల మధ్య గాయమేదైనా ఉందేమో లైటు వేసి నేనే చూస్తాను.